ఎదురుపాట

కోనపేట నూకాలమ్మ తీర్థంలో నెత్తురు కారని ఏడాది లేదు. అమ్మవారికి కోసే మేకపోతుల నెత్తురు మాట కాదు, మనుషులదే. తూర్పు పేట, పడమర పేట అని ఊరు రెండు ముక్కలు. రెండు పేటల వాళ్లూ ఒకే సముద్రంలో వల వేస్తారు, ఒకరింటి పిల్లని ఒకరు చేసుకుంటారు, ఏడాది పొడుగునా బావా బావా అని పిలుచుకుంటారు. ఆ తీర్థం జరిగే కొత్త అమావాస్య నాడు, ఉగాది ముందు రోజున మాత్రం ఒకరి తల ఒకరు పగలగొట్టుకుంటారు. మర్నాడు కుట్లు వేయించుకోవడానికి అందరూ కలిసి ఒకే ఆటోలో పిఠాపురం వెళతారు. వీళ్లకిదేం పోయేకాలమో ఆ తల్లికే తెలియాలి.

దీనికంతటికీ మూలం ఎదురుపాట. తీర్థం నాడు సాయంత్రం రెండు పేటల ఊరేగింపులూ చెరో వైపు నుంచి వచ్చి సెంటర్లో ఎదురుపడతాయి. ముందు నెత్తిన ఎత్తుకున్న అమ్మవారి గరగ కుండలు, వెనక పాటల బండి. గుడికి వెళ్లే సందులో ఒక్క బండే పడుతుంది. అందుకని ఇద్దరూ అక్కడే నిలబడి ఎవరి పాట వాళ్లు వినిపిస్తారు. ఎవరి పాట ముందు ఆగితే వాళ్ల బండి వెనక్కి పోవాలి. ఎలా ఆగింది, ఎవరు ఆపారు అని అడగకూడదు. ఆగిన పాటని అవతలివాళ్ల బండి సందులోకి తిరిగేలోపు మళ్లీ అందుకుంటే మాత్రం ఆగినట్టు కాదు. సందులోకి తిరిగే బండి పాట ఆలోపు ఆగిందా, వాళ్లే ఓడినట్టు. తేలిపోయాక ఇక ఒక్క దెబ్బ కూడా పడకూడదు, అది అమ్మవారి కట్టు. ముందు గుడి చేరిన పేట పడవలే, వేసవి వేట నిషేధం ముగిసిన రోజున ముందు నీళ్లలోకి దిగుతాయి. మొదటి వల ఎవరిదో వాళ్లదే ఆ ఏటి మారాజు బతుకు.

ఎదురుపాటలో తూర్పు పేటకి బలం పోతురాజు గిటారు. వాళ్ల నాన్న వలలు అల్లి చచ్చాడు, తాత పడవ మీదే చచ్చాడు. ఈ పోతురాజు మాత్రం కుర్రతనంలో కాకినాడ వెళ్లి ఒక బ్యాండు మేస్టారు కాళ్లు పట్టుకుని గిటారు నేర్చుకొచ్చాడు. శ్రీ నూకాలమ్మ మెలోడీస్ అని ఆర్కెస్ట్రా పెట్టాడు. ఒకప్పుడు పట్టిసీమ శివరాత్రి దగ్గర్నుంచి జంగారెడ్డిగూడెం జాతరల దాకా వాళ్లు ఎక్కని స్టేజీ లేదు. పోతురాజు లీడ్ గిటారు, అతని ప్రాణస్నేహితుడు వెంకటరమణ బేస్ గిటారు. అబ్బులు డ్రమ్ములు. పాడేది పోతురాజు పెళ్లాం రాణి. పొద్దున్న తట్టలో చేపలు అమ్మి సాయంత్రం మైకు పట్టుకుంటే, ఆ గొంతు విని ముసలాళ్లు కూడా ఈలలు వేసేవారు.

తర్వాత ఏమైందో అందరికీ తెలిసిందే. ముందు కీబోర్డు వచ్చింది. ఒక్కడే కూర్చుని వయొలిను, ఫ్లూటు, గిటారు అన్నీ మీట నొక్కి పలికించేశాడు. వయొలినాయన పోయాడు, ఫ్లూటాయన పోయాడు. ఆపైన ట్రాకులు వచ్చాయి. ల్యాప్‌టాప్‌లో వాయిద్యాలన్నీ మోగుతుంటే పైన ఒకడు పాడితే చాలు. ఈసారి కీబోర్డువాడే పోయాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా. ఆఖరికి డీజే వచ్చి పాడేవాళ్లని కూడా ఊడ్చేసింది.

పోయిన మాఘమాసంలో పిఠాపురంలో ఒక పెళ్లికి పోతురాజుని పిలిచారు. ఎన్నాళ్లకో వచ్చిన పిలుపని చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్లాడు. స్టేజీ ఎక్కి వైరు పెట్టబోతుంటే ఆ పెళ్లి ఏర్పాట్లు చూసే అమ్మాయి, హేమశ్రీ అట పేరు, పరిగెత్తుకొచ్చింది.

"అంకుల్, వైరు పెట్టకండి. ట్రాక్ వస్తుందండి. మీరు ఊరికే వాయిస్తున్నట్టు నిలబడితే చాలు. వీడియోలో గిటారుంటే లుక్ బావుంటుందండి."

పెళ్లయ్యేదాకా మూగ గిటారు పట్టుకుని నిలబడ్డాడు. భోజనాల దగ్గర ఎవడో మందు కొట్టినవాడు వేలు చూపించి, "ఈ గిటారుకి వైరు లేదండోయ్!" అని అరిస్తే పందిరంతా నవ్వింది. పోతురాజు ఇంటికొచ్చి గోడని గుద్దాడు. రాణి వచ్చి చెయ్యి పట్టుకునేదాకా గుద్దుతూనే ఉన్నాడు. సున్నం మీద ఎర్రటి మరకలు పడ్డాయి. ఆ కసి అలాంటిది. దాన్ని మనిషి లోపల దాచుకుంటే కుళ్లుతుంది, బయటికి వదిలితే ఎవడినో ఒకణ్ని కరుస్తుంది.

మొదట కరిచింది వెంకటరమణని.

వెంకటరమణకి పడమర పేట పిల్ల వీరవేణిని ఇచ్చారు. పెళ్లయ్యాక అత్తారింట్లోనే ఉండిపోయాడు. ఏ పేటలో ఉన్నా వాయించింది మాత్రం స్నేహితుడి పక్కనే. అతనికి ఇంకో విద్య కూడా ఉండేది. పాట మధ్యలో వైరు తెగినా, ప్లగ్గు ఊడినా, టార్చి చంకలో పెట్టుకుని తీగని పళ్లతో ఒలిచి క్షణంలో కలిపేసేవాడు. వాడి పళ్లే మన బ్యాండుకి పెట్టుబడి అని పోతురాజు నవ్వేవాడు. బ్యాండుకి పిలుపులు ఆగిపోయాక వెంకటరమణ పడవ అమ్మేసి డీజే బండి కొన్నాడు. కడుపు కాలినవాడు ఏం చేస్తాడు మరి. తీర్థానికి నెల ముందు పోతురాజుని వెతుక్కుంటూ ఒడ్డుకి వచ్చాడు.

"ఒరేయ్, ఈసారి పడమర పేటోళ్లు నా బండే పెట్టారు. నువ్వు ఒచ్చి నా బండి మీద నుంచోరా. డీజే మీద లైవ్ గిటారు అని బోర్డేస్తాను. జిల్లా అంతా ఊగిపోద్ది."

"వైరు పెట్టిస్తావా?" అన్నాడు పోతురాజు.

వెంకటరమణకి అర్థం కాలేదు. "పెడదాం లేరా. ఐనా ఆ బాక్సుల్లో నీ గిటారు ఎవడికి వినపడద్ది? జనానికి ఇప్పుడు చెవులతో పని లేదురా. గుండెల మీద తగలాలి."

పోతురాజు చెయ్యి లేచింది. చెంప మీద కొట్టిన దెబ్బకి వెంకటరమణ పెదవి చిట్లి గడ్డం మీద నెత్తురు కారింది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లంతా తల తిప్పి చూశారు. అతను తిరిగి కొట్టలేదు. పెదవి తుడుచుకుని, "నీ ఇష్టం రా," అని వెళ్లిపోయాడు. తిరిగి ఒక్కటి కొట్టి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

తూర్పు పేట పెద్ద చిట్టియ్య. పడవలున్నవాడు, నోరున్నవాడు, చుట్టూ పదిమంది మగాళ్లున్నవాడు. ఆ సాయంత్రమే పోతురాజుని పిలిపించాడు.

"సూడు పోతురాజూ, మనోళ్లంతా మనకీ డీజే కావాలంటన్నారు. నీ మొహం చూసి ఈ ఏడు ఆపాను. పడమర పేటోళ్ల మీద గెలిచావా, నువ్వున్నన్నాళ్లూ మన బండి మీద గిటారే. ఓడావా, నీ బ్యాండుకి ఇదే ఆఖరు. తర్వాత నన్నేం అనకు."

పోతురాజుకి ఊరి మీద మిగిలింది అదొక్క రోజే. ఏడాదిలో మిగతా రోజులన్నీ చేపల ఐసు మోసుకుంటున్నాడు. తీర్థం నాడు మాత్రమే గిటారుకి వైరు పెట్టి, ఊరంతా తలెత్తి చూస్తుండగా వాయిస్తాడు. అది కూడా పోతే తను మనిషినే కాదనుకున్నాడు. పిచ్చివాడు. కాని అతని పిచ్చి అతనికి ప్రాణం.

"ఆ పెన్ డ్రైవుకి చేతులు నొప్పెట్టవు, గొంతు బొంగురుపోదు. నేనెలా గెలుస్తాను చిట్టియ్య గారూ?" అన్నాడు.

"నువ్వే సెప్పు. ఆ యంత్రాల సంగతి నీకు తెలిసినట్టు మాకేం తెలుసు?"

పోతురాజు నేల చూస్తూ అన్నాడు. "అన్ని బాక్సులకీ ప్రాణం ఒకటేనండి. వెనక జనరేటరు నుంచి వచ్చే లావు వైరు."

చిట్టియ్య మీసం దువ్వుకున్నాడు. ఇద్దరూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పోతురాజు ఇంటికొచ్చి, తను చెప్పింది ఊరికే చెప్పిన మాటేనని తనకి తానే నచ్చజెప్పుకున్నాడు.

తీర్థం రోజు ఎండ ఇంకా దిగలేదు. తూర్పు పేట బండి ట్రాక్టరు ట్రక్కు. మీద పోతురాజు, ప్యాడ్ల ముందు అబ్బులు, మైకు పట్టుకుని రాణి. కాళ్ల దగ్గర ఇన్వర్టరు బ్యాటరీలు, రెండు పాత బాక్సులు. సెంటర్‌కి రాకముందే డీజే తగిలింది. వినపడడం కాదు, తగలడమే. నేల అదురు చెప్పుల కిందకి వచ్చింది. కూల్‌డ్రింకు కొట్టు అద్దం చిట్లి ముక్కలు ముక్కలుగా రాలింది. పిల్లలు చెవులు మూసుకుని ఏడుస్తున్నారు. పడమర పేట కుర్రాళ్లు చొక్కాలు విప్పి నడుముకి కట్టుకుని, సరుగుడు కర్రలు గాల్లో తిప్పుతూ బండి ముందు గంతులేస్తున్నారు. ఆ బండి కొసన వెంకటరమణ నిలబడి ఉన్నాడు. పోతురాజుని చూసి చెయ్యెత్తాడు. పోతురాజు ఎత్తలేదు.

రెండు బండ్లూ ముక్కుకి ముక్కు ఆనినంత దగ్గరగా ఆగాయి. పోతురాజు అమ్మవారి పాట ఎత్తుకున్నాడు. తన చేతి కింద తీగ కదులుతోందని వేళ్లకి తెలుస్తోంది, చెవికి మాత్రం చేరడం లేదు. రాణి మెడనరాలు ఉబ్బుతున్నాయి, నోరు తెరుచుకుంటోంది, శబ్దం లేదు. మళ్లీ మూగ గిటారే. వైరు పెట్టుకుని కూడా మూగ గిటారే. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మొదటి కర్ర ఎవరిదో ఎవరికీ తెలియదు. ఎప్పుడూ తెలియదు. గరగ ఎత్తుకున్నాయన పక్కకి తప్పుకున్నాడో లేదో, తూర్పు పేటవాడొకడు నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. అంతే, రెండు పేటలూ కలబడ్డాయి. తెడ్లు లేచాయి, రాళ్లు లేచాయి. సోడా సీసా ఒకటి అబ్బులు చెవి పక్క నుంచి దూసుకుపోయి ట్రక్కు గోడకి తగిలి పేలింది. ఇద్దరు ట్రక్కు ఎక్కబోతే అబ్బులు ప్యాడ్లు వాయిస్తూనే ఒకణ్ని గుండెల మీద తన్నాడు. రెండోవాడి వేళ్లని రాణి మైకు స్టాండుతో చితక్కొట్టింది. బందోబస్తుకొచ్చిన ఇద్దరు హోంగార్డులు ఈల ఊది ఊది, ఆ ఈల తమకే వినపడక, కొట్టు షట్టరు కిందకి దూరారు.

ఉన్నట్టుండి డీజే చచ్చింది.

చిట్టియ్య మనుషులు వెనక నుంచి వెళ్లి గొడ్డలితో వైరు నరికేశారు. ఆ హోరు ఒక్కసారిగా తెగేసరికి ఊరు ఊరంతా ఊపిరి బిగపట్టినట్టయింది. ఆ నిశ్శబ్దంలో రాణి గొంతునీ ప్యాడ్లనీ దాటుకుని వినపడింది పోతురాజు గిటారు. స్వచ్ఛంగా, గట్టిగా, సందు చివర గుడి గోడకి కొట్టుకుని తిరిగొచ్చేంతగా. తూర్పు పేటవాళ్లు ఒక్క గొంతుతో కేక పెట్టారు. ఎన్నేళ్లయింది పోతురాజు తన చేతి పాట ఇంత స్పష్టంగా తను వినక!

ట్రాక్టరు కదిలింది. కాని సందులోకి తిరగాలంటే అడ్డంగా కొట్టుకుంటున్న జనం తప్పుకోవాలి. అంగుళం అంగుళం చొప్పున పాకుతోంది. అప్పుడు చూశాడు పోతురాజు, వెంకటరమణని.

వెంకటరమణ తన బండి మీద నుంచి దూకి, జనరేటరు ఆపి, తెగిన వైరు రెండు కొసలూ దొరకబుచ్చుకుని బండి పక్కన నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక కొస నోట్లో పెట్టుకుని పళ్లతో ఒలుస్తున్నాడు. పాట మళ్లీ అందుకుంటే ఆగినట్టు కాదు. కలిపేస్తాడు. ఎంతసేపు పడుతుందో పోతురాజుకి బాగా తెలుసు.

చిట్టియ్యకి కూడా తెలిసింది. "ఆణ్ని కలపనివ్వకండ్రా! మన బండి తిరిగిందాకా కలపనివ్వకండి!"

తెడ్డు మొదట వీపు మీద పడింది. వెంకటరమణ ముందుకి తూలాడు, వైరు వదల్లేదు. రెండోది దవడ మీద. నోట్లోంచి వైరుతో పాటు ఏదో తెల్లటిది రాలింది. అతను ఇంకో కొస అందుకున్నాడు. అప్పుడు చెయ్యి మీద కొట్టారు. నేలకి ఆనించి, తెడ్డు నిలువుగా పట్టుకుని, ఎండు చేపలు దంచినట్టు దంచారు. పడమర పేటవాళ్లు అడ్డుపడబోతే వాళ్లనీ కొడుతున్నారు.

రాణి పాట ఆపేసింది. "మావా, ఆపు! ఆపెయ్యి మావా, ఆణ్ని సంపేత్తన్నారు!"

అబ్బులు చేతులు గాల్లో ఆగిపోయాయి. మిగిలింది గిటారు ఒక్కటే. అది ఆగితే పాట ఆగినట్టే. పాట ఆగితే తూర్పు పేట ఓడినట్టే. కాపాడుకోవడానికి ఇక ఏమీ మిగలదు కనక కొట్టేవాళ్లు కూడా ఆగిపోతారు. తను వేళ్లు ఎత్తితే చాలు. ఇందులో తెలియనిది ఏమీ లేదు, అంతా అతనికి తెలుసు.

"పోతురాజూ!" అని అరిచాడు వెంకటరమణ. పగిలిన దవడతో, నెత్తుటి నోటితో అరిచిన అరుపు. డీజే లేదు కదా, చక్కగా వినపడింది.

పోతురాజు కళ్లు మూసుకున్నాడు. రెండో చరణం అందుకున్నాడు. ఆ చరణంలో ఎత్తు నుంచి దిగే ఒక మలుపు ఉంది, కుర్రతనంలో కూడా రోజూ సరిగ్గా పడేది కాదు. ఆ రోజు వేళ్లు వాటంతట అవే దిగాయి. రాణి అతని చొక్కా పట్టుకుని లాగింది, చొక్కా చిరిగింది. భుజం మీద గుద్దింది. అతను కదల్లేదు. తర్వాత ఆమె ట్రక్కు మీద నుంచి దూకేసిన చప్పుడు విన్నాడు. ట్రాక్టరు సందులోకి తిరిగేదాకా కళ్లు తెరవలేదు.

తూర్పు పేట గెలిచింది. కట్టు ప్రకారం ఆపైన ఒక్క దెబ్బ కూడా పడలేదు. కొట్టినవాళ్లు తెడ్లు కింద పడేసి అమ్మవారికి దండాలు పెట్టుకున్నారు. పోతురాజుని భుజాల మీద ఎత్తుకుని గుడి చుట్టూ తిప్పారు. పసుపు నీళ్లు పోశారు. చిట్టియ్య తన మెడలో దండ తీసి వేసి, "నువ్వున్నన్నాళ్లూ గిటారేరా!" అని అందరి ముందూ అన్నాడు. పోతురాజు జనంలో రాణి కోసం చూశాడు. ఆమె అప్పటికే వెంకటరమణ తల ఒళ్లో పెట్టుకుని ఆటోలో వెళ్లిపోయింది.

ఆమె ఇంటికి రాలేదు. రెండు రోజులు ఎదురు చూసి, తినక, నిద్రపోక, ఆఖరికి కాకినాడ ఆస్పత్రికి బయల్దేరాడు. దారంతా చెప్పాల్సిన మాటలు కూడగట్టుకున్నాడు.

వెంకటరమణ మొహం గుర్తుపట్టేలా లేదు. దవడకి తీగలు బిగించారు. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టు, ఆ కట్టు కొసన ఉండాల్సిన ఆకారం లేదు. మూడు వేళ్లు తీసేశారట. ఒక పక్క రాణి, ఇంకో పక్క వీరవేణి. రాణి మొగుణ్ని చూసి తల తిప్పుకుంది. వీరవేణి మాత్రం లేచి నిలబడింది.

"పాట ఆపుంటే కొట్టేవోళ్లు ఆగిపోదురు కదా అన్నయ్య గారూ," అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

పోతురాజు దారిలో కూడగట్టుకున్నవన్నీ ఎటో పోయాయి. నోటికొచ్చింది అబద్ధం ఒక్కటే.

"ఆ గోలలో నాకు వినపడలేదమ్మా. కళ్లు మూసుకుని వాయించుకుంటన్నాను. ఒట్టు, నాకు తెలీదు."

మంచం మీద నుంచి ఏదో చప్పుడొచ్చింది. వెంకటరమణ మాట్లాడుతున్నాడు. పళ్లు విడవకుండా, ఒక్కొక్క మాటా నూరినట్టు.

"నాకు వినపడింది రా."

పోతురాజు దగ్గరికి వంగాడు.

"కింద పడున్నా అంతా వినపడింది. ఈడికి తెలుసు, నన్ను సూత్తన్నాడు, సెయ్యి ఒణుకుద్ది, ఎక్కడో ఒక్క సోటైనా తప్పుతాడు అని సెవి అక్కడే పెట్టుకుని ఉన్నాను." నోట్లో ఊరింది మింగాడు. "ఆ రెండో చరణంలో దిగేది ఉంది సూడు. అక్కడైనా తప్పుతావనుకున్నాను. ఎప్పుడూ తప్పేవోడివి. ఆయేళ కూడా తప్పలేదురా. అంత బాగా నువ్వు పుట్టాక వాయించలేదు."

ఆ మాటన్నాక వెంకటరమణ కళ్లు మూసుకున్నాడు. వీరవేణి కూర్చుంది. రాణి గ్లాసులో నీళ్లు తీసుకుని, దూది ముంచి, అతని పెదాలు తడపడం మొదలుపెట్టింది. పోతురాజు మంచం కాళ్ల దగ్గర నిలబడే ఉన్నాడు. అతన్ని కూర్చోమని ఎవరూ అనలేదు.